యిర్మీయా పెట్టిన ఫోము

మా కంపెనీలో నేను కాగితాల మనిషిని. పేరు ఆనందకుమార్, ఊరు పాలకొల్లు, ఉద్యోగం సౌదీలో, దమ్మామ్‌లో ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో ఫైళ్ళు సర్దడం. ఎవరు ఏ పని చేశారో నేను చూడను. చేసినట్టు కాగితం ఉందా లేదా, అంతే చూస్తాను. పధ్నాలుగేళ్ళుగా ఈ పని చేస్తూ, ఈ ఊళ్ళో నా అంత నిజాయితీపరుడు లేడని నమ్ముతూ వచ్చాను. యిర్మీయా గొడవ రాకపోతే ఇప్పటికీ నమ్ముతూనే ఉండేవాణ్ణి.

యిర్మీయాది అంతర్వేది దగ్గర ఒక పల్లె. పొట్టి మనిషి, నెమ్మదస్తుడు, ఒకటికి రెండుసార్లు పిలిస్తే గాని పలకడు. పాత విల్లాల్లోకి వేడి దిగకుండా చేసే పని వాడిది. మిద్దె మీద ఫోము షీట్లు పరిచి, పైన నీళ్ళు దిగని పొర వేసి, దాని మీద టైల్సు పరుస్తాడు. గోడలకు లోపలివైపు దూదిలాంటి ఉన్ని నింపి జిప్సం బోర్డు బిగిస్తాడు. ఈ పనికి ఒక శాపం ఉంది. పెయింటరు పని కంటికి కనబడుతుంది. ప్లంబరు పని కారినప్పుడైనా కనబడుతుంది. వీడి పని ఎంత బాగా చేస్తే అంత కనబడకుండా పోతుంది.

అలాంటి పనిని మనవాళ్ళు ఎలా చేస్తారో నాకు తెలుసు. పైన టైల్సు పడేదే గదా అని అటోటి ఇటోటి పరిచేసి టీకి పోతారు. వీడు అలా కాదు. జూలై ఎండలో, చెప్పుల అడుగు మెత్తబడే మిద్దె మీద కూర్చుని, షీటుకీ షీటుకీ మధ్య చాకు మొన దూరితే ఊడదీసి మళ్ళీ కోసేవాడు. ఎందుకురా ఈ చాదస్తం అంటే, "వెంట్రుకంత సందున్నా సాతాను దూరిపోతాడండన్నయ్యా. ఈ ఊళ్ళో ఏడి కూడా అంతేనండి" అనేవాడు.

భార్య ప్రేమజ్యోతి ఇక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు. ఆరేళ్ళపాటు ఆవిడ నర్సుల హాస్టల్లోనూ, వీడు లేబరు క్యాంపులోనూ ఉన్నారు. పెళ్ళయిన వాళ్ళు శుక్రవారం సాయంత్రాలు సముద్రం ఒడ్డున బెంచీ మీద దొంగచాటు ప్రేమికుల్లా కూర్చునేవాళ్ళు. రెండేళ్ళ కిందట ఒక గది అద్దెకు తీసుకుని కాపురం పెట్టారు. గది అంటే గదే. కానీ వీడు దానికి ఎన్ని మేకులు కొట్టాడో, ఎన్ని అరలు బిగించాడో. ఇంట్లో భార్య చేతి అన్నం తింటున్నానని కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడు, అదేదో లోకంలో మొదటిసారి జరుగుతున్నట్టు.

ఆ రెండేళ్ళ కాపురం మీదికి ఖతీఫ్ విల్లా వచ్చిపడింది.

దమ్మామ్ పక్క ఊరు ఖతీఫ్‌లో అబూ జాసిమ్ అని ఒక పెద్దాయన. చేపల వ్యాపారం చేసి మానేశాడు. పడవల మీద పనిచేసిన మనవాళ్ళ దగ్గర నేర్చుకున్న హిందీ బాగానే మాట్లాడతాడు. ఇరవై ఏళ్ళ నాటి తన విల్లాకు రెండేళ్ళ కిందట మా కంపెనీ చేత మిద్దె, గోడలు, కిటికీలు అన్నీ బాగుచేయించుకున్నాడు. ఈ మధ్య ఒక విదేశీ కంపెనీ వాళ్ళు తమ ఆఫీసర్ల కోసం ఆ విల్లా అద్దెకు అడిగారు. ఒక్క షరతు పెట్టారు: ఈ ఇల్లు కరెంటు ఎంత పొదుపు చేస్తుందో రేటింగు కాగితం కావాలి. ఏ నుంచి జి దాకా ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయట, ఏ అన్నిటికన్నా మేలు. కనీసం సి రావాలి.

రేటింగు వెయ్యడానికి ఒక సౌదీ అమ్మాయి వచ్చింది. ఒంటి మీద నల్లటి అబాయా, చేతిలో ట్యాబు, మాట నెమ్మది, చూపు గట్టిది. జంట అద్దాల కిటికీలు చూసింది, రాసుకుంది. ఏసీల మీద స్టిక్కర్లు చూసింది, రాసుకుంది. బల్బులు చూసింది, రాసుకుంది. తర్వాత మిద్దె, గోడలు అంది. లోపల ఫోము ఉందని అబూ జాసిమ్ చెప్పాడు. కనబడటం లేదు కదా, వేసేటప్పుడు తీసిన ఫొటోలు చూపించండి అంది. కొలత టేపు పెట్టి తీసిన ఫొటో ఉండాలట. సాక్ష్యం లేని ఫోము లేని ఫోముతో సమానం. కట్టిన సంవత్సరాన్ని బట్టి ఈ ఇంటికి ఏమీ లేదనే లెక్క కడుతుంది వాళ్ళ కంప్యూటరు. ఇంటికి 'ఈ' అక్షరం వచ్చింది.

బయట నలభై ఆరు డిగ్రీలు. లోపల వాళ్ళ పనమ్మాయి స్వెటరు వేసుకుని కాఫీ తెచ్చింది. అయినా కాగితం మీద ఆ ఇల్లు కాలిపోతోంది.

అబూ జాసిమ్ మా ఆఫీసుకొచ్చి విరుచుకుపడ్డాడు. మీరు ఫోము పెట్టకుండానే టైల్సు పరిచేశారు అన్నాడు. మా ఇంజినీరుది జోర్డాన్, మేమంతా ముహందిస్ అంటాం. ఆయన వెంటనే లేచి, నేను రోజూ ఫొటోలు అడిగాను, యిర్మీయాయే పంపలేదు, షీట్లు ఏం చేశాడో వాణ్ణే అడగండి అన్నాడు. ఆ ఒక్క మాటతో పొద్దున్నదాకా పనిమంతుడైన యిర్మీయా మధ్యాహ్నానికి షీట్లు అమ్ముకున్న దొంగ అయ్యాడు. వాడి ఇఖామాకి, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డుకి, గడువు ఇంకా మూడు వారాలుంది. మా కఫీలు, అంటే కంపెనీ యజమాని, తేల్చి చెప్పేశాడు: ఫోము ఉందని నిరూపిస్తే ఇఖామా పొడిగిస్తాను, లేకపోతే ఖురూజ్. ఖురూజ్ అంటే ఇంటికి టికెట్టు. మళ్ళీ రావడం ఉండదు. ప్రేమజ్యోతి ఇక్కడ, వీడు అంతర్వేదిలో, మధ్యలో సముద్రం.

వాడు అబూ జాసిమ్ దగ్గరికి రెండుసార్లు వెళ్ళాడు. నెత్తిన చెయ్యి పెట్టుకుని, నేనే పెట్టాను బాబా, నా చేతులతో పెట్టాను అని ఒట్టు వేశాడు. ఆయన వినలేదు.

నేను మాత్రం ధీమాగా ఉన్నాను. ఫొటోలు ఉన్నాయని నాకు తెలుసు. రెండు వందల పధ్నాలుగు. వాడి ఫోను నుంచి వచ్చినవి వచ్చినట్టు ఫైల్లో వేసి, 'ఫొటోలు అందినవి' అన్న గడిలో టిక్కు పెట్టింది నేనే. కింద 'పరిశీలించితిని' అని సంతకం పెట్టింది ముహందిస్. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఫైలు తెరిచాను.

మొదటి ఫొటోలో విల్లా గేటు. రెండో దాంట్లో టీ ఫ్లాస్కు. తర్వాత ఒక పిల్లి. తర్వాత నిచ్చెన, యిర్మీయా బొటనవేలు, పూర్తయిపోయి తుడిచి తళతళలాడుతున్న టైల్సు, యిర్మీయా మొహం, మళ్ళీ గేటు, మళ్ళీ పిల్లి. రెండు వందల పధ్నాలుగింటిలో ఒక్క ఫోము ముక్క లేదు.

"ఇదేంట్రా?" అన్నాను.

"అర్జంటు ఫొటోలండి," అన్నాడు. "ముహందిసుగారు రోజూ ఫోన్లో ఆజిల్, ఆజిల్ అని అరిచేవోరు గదండీ. అర్జంటంటే ఇంక ఎదర ఏది కనబడితే అది తీసేసి పంపించేసేవోణ్ణి. పన్లో ఉన్నానో లేదో చూసుకుంటన్నారనుకున్నానండి."

అరబ్బీలో రెండు మాటలున్నాయి. ఒక ఆజిల్ అంటే అర్జంటు. ఇంకో ఆజిల్ అంటే వేడి దిగకుండా వేసే పొర. రాయడానికి అక్షరాలు వేరు, అరబ్బువాడి నోట్లో పలుకు వేరు. ఆ రెండో మాటలో తేనెటీగ జుమ్మన్నట్టు ఒక చప్పుడుంటుంది. మన తెలుగులో రెంటికీ ఒకే జ. యిర్మీయా దమ్మామ్‌లో మొదట పనిచేసింది ఒక గోడౌనులో. అక్కడ ఎర్ర కాగితం అంటించిన పెట్టెల్ని ఆజిల్, ఆజిల్ అంటూ పరుగుమీద మోయించేవాళ్ళు. వాడికి తెలిసిన ఆజిల్ అదొక్కటే. ఫోముని వాడు ఫోమనే అంటాడు, దానికి ఇంకో పేరుంటుందని వాడికెందుకు తోస్తుంది? పని జరిగినన్నాళ్ళూ ముహందిస్ ఫోము ఫొటోలు అడిగాడు. జరిగినన్నాళ్ళూ వీడు పరుగెత్తి పరుగెత్తి పిల్లి ఫొటోలు పంపాడు.

పోనీ, ఒక్కసారైనా ఫోము వేస్తుండగా అర్జంటు రాలేదా అని అడిగాను. వచ్చిందట. కానీ పచ్చిపని పెద్దలకు చూపించకూడదని, గబగబా కప్పేసి, తుడిచి, అప్పుడు తీశాడట. ఆ వినయానికి ఏమనాలి?

ఇంకా నవ్వొచ్చే సంగతి ఒకటుంది, నాకు మాత్రం రాలేదు. "మిమ్మల్నోసారి అడిగాను గదండన్నయ్యా," అన్నాడు వాడు నెమ్మదిగా. "ఆజిల్ అంటే అర్జంటేనా అని. అవున్రా అన్నారు." అనే ఉంటాను. తలెత్తకుండా అనుంటాను. నా నాలుక్కి కూడా జ ఒక్కటే.

ఈ సంగతి వెళ్ళి ముహందిస్‌కి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన మొహం మాడిపోయింది. రెండు వందల పధ్నాలుగు పిల్లులకీ ఫ్లాస్కులకీ 'పరిశీలించితిని' అని సంతకం పెట్టింది ఆయన. గుమ్మడికాయల దొంగ అంటే ఇద్దరం ఒకేసారి భుజాలు తడుముకున్నాం. ఫైలు బయటపెడితే యిర్మీయా దొంగ కాడు, వట్టి అమాయకుడని తేలుతుంది. దాంతోపాటు ముహందిస్ చూడకుండా సంతకం పెట్టాడని, నేను చూడకుండా టిక్కు పెట్టానని కూడా తేలుతుంది. ఫైలు మూసేశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, మూసింది నేనే.

మిగతా సాక్ష్యాలు వెతికాం. కరెంటు బిల్లు సగానికి సగం తగ్గింది, చూపించాం. రేటింగు అమ్మాయి మర్యాదగా తిప్పి పంపింది: బిల్లు ఇంట్లో మనుషుల సంగతి చెబుతుంది గాని ఇంటి సంగతి చెప్పదట. షీట్లు కొన్న రసీదు చూపించాం. అందులో నలభై ఇళ్ళ షీట్లు కలిపి ఉన్నాయి, ఏ షీటు ఏ ఇంటిదో రాసి లేదు. రెండు వారాలు ఇలాగే గడిచిపోయాయి.

అప్పుడొచ్చింది ప్రేమజ్యోతి. డ్యూటీ దిగి, యూనిఫారంలోనే, మొగుణ్ణి వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. ఏడుస్తుందేమో, ఏం చెప్పి ఊరడించాలా అని కంగారుపడ్డాను. ఆవిడ ముందు మొగుడికే చీవాట్లు పెట్టింది.

"చార్టులో రాయకపోతే ఇంజక్షన్ చెయ్యనట్టేనండి మాకు. ఎన్నిసార్లు చెప్పానో ఈయనకి, ఏ పని చేసినా రాసుకో, రాసుకో అని. వింటేనా." తర్వాత నా వైపు తిరిగింది. "కానీ అనుమానమొస్తే మేం ఊరికే చార్టు పట్టుకుని కూర్చోమండి. పేషెంటు చెయ్యి చూస్తాం. సూది మచ్చ ఉంటది గదా. ఆ గోడే కోసి చూసుకోమనండి."

ఒక ఇంజినీరు, ఒక గుమాస్తా, ఒక కఫీలు కలిసి రెండు వారాల్లో ఆలోచించలేని సంగతి అది. నిజానికి ఆలోచించలేదని కాదు. గోడ కోస్తే నిజం బయటపడుతుంది, మాలో ఎవరికీ అంత తొందర లేదు.

అబూ జాసిమ్ మొదట ససేమిరా అన్నాడు. కొత్త రంగు, అతిథుల్ని కూర్చోబెట్టే మజ్లిస్ గదిలో ఖరీదైన వాల్‌పేపరు. మిద్దె మీద ఒక చోట, లోపల బీరువా వెనక ఒక చోట కోయడానికి ఎలాగో ఒప్పుకున్నాడు. రేటింగు అమ్మాయి కూడా సరే అంది, కాకపోతే ఎక్కడ కోయాలో తనే చూపిస్తానంది.

గురువారం ఉదయం అందరం ఖతీఫ్ వెళ్ళాం. విల్లా మెట్ల దగ్గర ముహందిస్ నన్నూ యిర్మీయానూ పక్కకు లాగాడు. ఆయన మాట నేను తెలుగులో చెప్పాలి. ఇక్కడొక సంగతి మీకూ చెప్పాలి. యిర్మీయా ఇఖామాలో వృత్తి అన్న చోట ఖయ్యాత్ అని ఉంటుంది. అంటే దర్జీ. పన్నెండేళ్ళ కిందట నరసాపురం ఏజెంటు దగ్గర దర్జీ వీసా ఒక్కటే మిగిలింది, దాని మీద వచ్చేశాడు. చొక్కా గుండీ ఊడితే ప్రేమజ్యోతి కుట్టాలి. మారుస్తాం, మారుస్తాం అంటూనే కంపెనీ మార్చలేదు. కార్డులో ఉన్న పని కాక వేరే పని చేస్తే ఇక్కడ తప్పు. పట్టుబడితే కంపెనీకి జరిమానా, మనిషికి ఖురూజ్.

ముహందిస్ చెప్పింది ఇదీ: లోపల ఫోము లేకపోతే పెట్టింది నువ్వే, ఉంటే పెట్టింది నువ్వు కాదు. ఆ అమ్మాయి పెట్టినవాడి పేరు, కార్డు రాసుకుంటుంది. నువ్వు సామాను మోసే మనిషివి, అంతే అని చెప్పు.

నేను ఈ మాటలు ఉన్నవున్నట్టు తెలుగులో చెప్పాను. యిర్మీయా నా మొహం వైపు చూశాడు. "ఖురూజేనాండన్నయ్యా, లేకపోతే?" అన్నాడు. అవున్రా అన్నాను. ఈసారి తలెత్తే అన్నాను.

మిద్దె మీద ఆ అమ్మాయి నీళ్ళ ట్యాంకు పక్క మూల చూపించింది. ఎవరైనా ఒళ్ళు దాచుకునే మూల అది, చెయ్యి కూడా దూరదు. యిర్మీయాయే టైలు లేపాడు. నల్లపొర కోశాడు. కింద నీలం ఫోము, నిన్న పెట్టినట్టుంది. అమ్మాయి టేపు పెట్టింది. ఐదు సెంటీమీటర్లు. అతుకు మీద చాకు మొన పెట్టి నొక్కింది, దూరలేదు. పక్కన ఇంకో అతుకు, అదీ దూరలేదు. బీరువా వెనక గోడలోనూ అంతే, ఉన్ని సందు లేకుండా కూరి ఉంది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారే, నా కళ్ళముందు తెలిసింది. నా గుండె మీంచి బండ దిగినట్టయింది, ఒక్క నిమిషం.

ఆ అమ్మాయి మొహం మొదటిసారి విప్పారింది. మాషా అల్లా అంది. ఇంత శుభ్రమైన పని ఈ ఇళ్ళలో తను చూడలేదంది. ఎవరు పెట్టారు, నువ్వేనా అని యిర్మీయాని అరబ్బీలో అడిగింది. వాడు తల అడ్డంగా ఊపాడు. అర్థం కాలేదేమోనని ఇంగ్లీషులో అడిగింది. "నో మేడమ్," అన్నాడు. "ఓన్లీ హెల్పర్."

అప్పుడు అబూ జాసిమ్ ముందుకొచ్చాడు. ఇన్నాళ్ళూ దొంగ అన్న మనిషి, ఇప్పుడు వాడి భుజం మీద చెయ్యి వేశాడు. క్షమాపణ చెప్పుకోవడానికే వచ్చాడని నాకు తెలుస్తూనే ఉంది. తన పడవల హిందీలో, నిజం చెప్పు, నువ్వే చేశావా అని మెత్తగా అడిగాడు:

"రఫీక్, సచ్ బోలో. తుమ్ కియా?"

యిర్మీయా నేల వైపు చూశాడు. "నై బాబా. హమ్ నై కియా."

మూడుసార్లయింది. ఆదివారం బడికి వెళ్ళి పెరిగినవాళ్ళం మేమిద్దరం, ప్రభువును ఎరగనని శిష్యుడు మూడుసార్లు బొంకిన ఆ లెక్క ఒకరికొకరం చెప్పుకోనక్కర్లేదు.

అబూ జాసిమ్ చెయ్యి తీసేశాడు. మరి నా ఇంటికొచ్చి నెత్తిన చెయ్యి పెట్టుకుని నేనే పెట్టాను అన్నావే, అది అబద్ధమా అని అడిగాడు. వాడు అవునన్నట్టు తల ఊపాడు. పెద్దాయనకు కోపం కూడా రాలేదు, జాలి వేసింది. ఇంత బాగా చేసిన పని ఇంకొకడిది, దాన్ని నాది అని చెప్పుకోవడం పాపం, దేవుడు చూస్తాడు నాయనా, ఇంకెప్పుడూ చెప్పకు అని బుద్ధి చెప్పాడు. వాడు చేతులు కట్టుకుని విన్నాడు. ముహందిస్ ఆకాశం వైపు చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే ఫైలు తెరిచి, ఫోము పెట్టినవారు అన్న గడిలో ముహందిస్ పేరు, చదువు, కార్డు నంబరు, అందంగా, తప్పులు లేకుండా రాశాను. నా పని నేను బాగానే చేస్తాను.

కోసిన చోట్లు మళ్ళీ పూడ్చింది యిర్మీయాయే. మేమంతా కింద చల్లటి మజ్లిస్‌లో కాఫీ తాగుతుంటే, సందు లేకుండా పూడ్చేసరికి వాడికి రెండు గంటలు పట్టింది. విల్లాకు బి వచ్చింది. ముహందిస్‌కి కఫీలు ఒక అభినందన పత్రం ఇచ్చాడు, దాన్ని టైపు చేసింది కూడా నేనే. యిర్మీయా ఇఖామా ఏడాదికి పొడిగించారు. వృత్తి: దర్జీ.

మరుసటి శుక్రవారం మధ్యాహ్నం ప్రేమజ్యోతి నన్ను భోజనానికి పిలిచింది. కోడికూర, గోంగూర, పెరుగు. ఆ చిన్న గదిలో ముగ్గురం కింద కూర్చున్నాం. ఆవిడ సంతోషంగా ఉంది, మాట మీద మాట చెబుతోంది, మొగుడి కంచంలో అడక్కుండా వడ్డిస్తోంది. వాడు కలుపుకున్న అన్నం కలుపుకున్నట్టే ఉంచి కూర్చున్నాడు. ఆవిడ వైపు చూసి, "నేనే పెట్టానే," అన్నాడు.

ఆవిడ గరిటె పక్కన పెట్టింది.

"నాకు తెలుసు. ఆ మాట ఈ గదిలోనే అనుకో," అంది. "అన్నం తిను."